వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసి తాటిచెట్టు ఎత్తు చెప్పగలమా?

తాటితోపు | శనివారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మాది బాపట్ల దగ్గర ఒక పల్లె. నేను పుణెలో ఉంటాను. మా ఇంటి వెనక, పక్కవాళ్ల దొడ్డి గట్టు మీద ఒక పాత తాటిచెట్టు ఉంది. తుఫాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ అమ్మకు టెన్షన్. "అది పడితే మన వంటింటి మీదే" అంటుంది. నాన్నగారు టేపు పెట్టి కొలిచారు, చెట్టు మొదలు నుంచి వంటింటి గోడకు 52 అడుగులు. ఎత్తు మాత్రం ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. అమ్మ లెక్కలో 70 అడుగులు, పక్కింటి బాబాయ్ లెక్కలో 40. చెట్టు ఆయనది కాబట్టి 40 దాటదు లెండి.

మేనల్లుడు ఫోన్‌తో ఫోటో తీసి పంపాడు. చెట్టు మొదట్లో నాన్నగారు నిలబడ్డారు. ఆయన ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. నాకు వచ్చిన ఫోటో సైజు 1200×1600. కంప్యూటర్లో తెరిచి పిక్సెళ్లు లెక్కపెట్టాను. నాన్నగారు 87, చెట్టు మొదలు నుంచి పై ఆకు చివర దాకా 762. అంటే నాన్నగారికి 8.76 రెట్లు. 48 అడుగులు వచ్చింది. 52 కంటే తక్కువే. అమ్మకు ధైర్యం చెప్పేయొచ్చా?

కొత్తఫోన్ | శనివారం, ఉదయం 9:32

ఇంత కష్టం ఎందుకు బ్రో, ఫోన్లో కొలిచే యాప్ ఉంటుందిగా. కెమెరా పెట్టి కిందా పైనా నొక్కితే అదే చెబుతుంది.

ఎఫ్_బై_8 | శనివారం, ఉదయం 10:05

ఆ యాప్‌లు గదిలో సోఫా కొలవడానికి బాగుంటాయి. ఐఫోన్ ప్రోలో ఉండే లైడార్ (లేజరుతో దూరం కొలిచేది) కూడా 5 మీటర్ల దాకే. తాటిచెట్టు కొసకు అది అందదు.

తాటితోపు గారూ, మూడు ప్రశ్నలు. ఫోటోను ఎవరైనా కత్తిరించారా? తీసేటప్పుడు జూమ్ చేశాడా? ఫోన్ నిటారుగా పట్టుకున్నాడా, పైకి వంచాడా? ఇంకొకటి, వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, లోపలి ఎగ్జిఫ్ వివరాలు (ఏ లెన్సుతో, ఎలా తీశారో ఫోన్ రాసిపెట్టేవి) పోతాయి. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపమనండి. అసలుది అసలులాగే వస్తుంది.

తాటితోపు | శనివారం, ఉదయం 11:20

పంపాడు. 3000×4000. వివరాల్లో "35 ఎంఎం లెక్కలో 26" అని ఉంది. కత్తిరించలేదు, జూమ్ లేదు. ఫోన్ పైకి వంచాడట, "లేకపోతే చెట్టంతా ఎలా పడుద్ది మామయ్యా" అన్నాడు.

డంపీలెవెల్ | శనివారం, మధ్యాహ్నం 12:15

బాబూ, అమ్మగారికి అప్పుడే ధైర్యం చెప్పకండి.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సగం జీవితం కాలవ గట్ల మీద లెవెల్ మిషను (నేల ఎత్తుపల్లాలు కొలిచేది) మోశాను. మీరు చేసింది మేమూ చేసేవాళ్లం, వేరే వేషంలో. లెవెల్ టెలిస్కోపులో అడ్డంగా మూడు గీతలు ఉంటాయి. దూరంగా కూలీ స్టాఫ్, అంటే అంకెలు వేసిన కొలకర్ర, పట్టుకుంటాడు. పై గీతకూ కింది గీతకూ మధ్య స్టాఫ్ మీద 25 సెంటీమీటర్లు పడితే దూరం 25 మీటర్లు. ఎప్పుడూ వంద రెట్లే, మిషను అలా చేసి ఉంటుంది. వస్తువు పొడవు తెలిస్తే దూరం, దూరం తెలిస్తే పొడవు. రెండూ తెలియకపోతే ఒక్క ఫోటో ఏమీ చెప్పదు. అగ్గిపెట్టె దగ్గరున్నదో, బస్సు దూరంగా ఉన్నదో కెమెరాకు ఒకటే.

అయితే మాకు స్టాఫ్ నిటారుగా, టెలిస్కోపు సమంగా ఉండేవి. టెలిస్కోపు పైకెత్తితే లెక్క మారిపోతుంది, దానికి వేరే సూత్రం. మీ మేనల్లుడు ఫోన్ పైకి వంచగానే ఫోన్ లెక్కలో చెట్టు మొదలు దగ్గరకొచ్చింది, తల దూరం జరిగింది. మొదట్లో నిలబడిన నాన్నగారిని కొలబద్దగా పెట్టి తలదాకా కొలిచారు. ఆ కొలబద్ద పైకి పోయేకొద్దీ కురచవుతుంది. 48 కంటే తప్పకుండా ఎక్కువే ఉంటుంది.

ఎంత ఎక్కువో మన లెక్కలటీచర్ మేడంగారు వస్తే చెబుతారు. ఇప్పుడు నా చేతిలో టాన్ టేబుల్ లేదు.

లెక్కలటీచర్ | శనివారం, మధ్యాహ్నం 3:40

సార్ పిలిచాక రాకుండా ఎలా. పదో తరగతిలో ఊర్ధ్వకోణం, నిమ్నకోణం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "ఇది ఎక్కడ పనికొస్తుంది టీచర్" అంటారు. ఇదిగో, తాటిచెట్టు దగ్గర.

ముందు ఫోన్ గురించి ఒక్క సంఖ్య కావాలి. అద్దానికీ సెన్సారుకూ మధ్య దూరాన్ని పిక్సెళ్లలో చెప్పే సంఖ్య. మీ ఫోటో వివరాల్లోని 26 ఆ దూరమే, 35 ఎంఎం ఫిల్ము లెక్కలో మిల్లీమీటర్లుగా. 35 ఎంఎం ఫిల్ము కర్ణం 43.3 మిల్లీమీటర్లు. మీ ఫోటో కర్ణం 5000 పిక్సెళ్లు (3, 4, 5 త్రిభుజమే!). 26ను 43.3తో భాగించి 5000తో గుణిస్తే సుమారు 3000. సార్ చెప్పిన వంద రెట్లు ఇక్కడా ఉంది చూడండి. ఈ ఫోన్ తీసిన ఫోటో నడిమధ్యలో 30 పిక్సెళ్లలో ఎంత పొడవు పడితే దూరం దానికి వంద రెట్లు.

ఇప్పుడు ఫోటో నడిమధ్య నుంచి కొలవండి, అంచు నుంచి కాదు. మీరు నాకు పంపిన అసలు ఫోటోలో చెట్టు మొదలు మధ్య గీతకు 942 పిక్సెళ్లు కింద, నాన్నగారి నడినెత్తి 725 కింద, పై ఆకు కొస 963 పైన ఉన్నాయి. ఒక్కోదాన్నీ 3000తో భాగించి, ఆ టాన్ విలువకు కోణం చూడండి. 17.43 డిగ్రీలు, 13.59 డిగ్రీలు, 17.80 డిగ్రీలు.

నాన్నగారు కాలి నుంచి తల దాకా 3.84 డిగ్రీల మేర కనబడుతున్నారు. 1.68 మీటర్ల మనిషి అంత కోణంలో కనబడాలంటే 25 మీటర్ల దూరంలో ఉండాలి. అబ్బాయి ఫోన్‌ను మీటరున్నర ఎత్తులో పట్టుకున్నాడనుకుందాం. 25 మీటర్ల దూరంలో చెట్టు మొదలు అతని చూపు మట్టానికి 3.43 డిగ్రీలు కిందుండాలి. ఫోటోలో 17.43 కింద పడింది. తేడా 14. అంటే ఫోన్‌ను 14 డిగ్రీలు పైకి వంచాడు.

కాబట్టి చెట్టు కొస అసలు ఊర్ధ్వకోణం 17.8కి 14 కలిపితే 31.8. టాన్ 31.8 అంటే 0.62. దాన్ని 25తో గుణిస్తే 15.5 మీటర్లు, కింద మీటరున్నర కలిపితే 17. అడుగుల్లో 56కు కాస్త తక్కువ.

48 కాదు, 56. వంటింటి గోడ 52లో ఉంది.

సరిచూడ్డానికి ఇంకో లెక్క వేశాను. మీ నాన్నగారిని అదే చెట్టు కొసన కూర్చోపెట్టకుండా నిలబెట్టగలిగితే (వద్దు!) ఈ ఫోటోలో 163 పిక్సెళ్లే కనబడతారు. మొదట్లో 217 ఉన్నారు. సార్ చెప్పిన కొలబద్ద కురచవడం అంటే ఇదే.

తాటితోపు | శనివారం, సాయంత్రం 5:05

గుండె ఆగినంత పనైంది మేడం. పొద్దున ఫోన్ చేసి అమ్మకు "48యే, భయం లేదు" అని చెప్పేశాను కూడా. ఇప్పుడు మాట ఎలా మార్చాలో.

ఒక చిన్న ఆధారం. మేనల్లుడు నిలబడిన చోటు నుంచి చెట్టు దాకా అంగలేసి చూడమన్నాను. 33 అంగలు అన్నాడు. అంగకు 75 సెంటీమీటర్లు అనుకుంటే 24.75. మీరు ఫోటో నుంచి తెచ్చిన 25 ఇదేగా! నాన్నగారి ఎత్తులోనూ అనుమానం లేదు. తువ్వాలు భుజం మీదే ఉంది, తలకు చుట్టుకోలేదు. చెప్పులూ లేవు.

ఎఫ్_బై_8 | శనివారం, రాత్రి 8:20

మేడం లెక్కకు దండం. ఒక్కచోట మాత్రం నాకు నమ్మకం లేదు. ఆ 26. కంపెనీలు దాన్ని పూర్ణసంఖ్య చేసి రాస్తాయి. అసలుది 25.6 అయినా 26 అనే వేస్తాయి. అక్కడే రెండు శాతం దాకా తేడా రావచ్చు. అందుకని ఫోన్‌నే కొలవండి. గోడకు టేపు అంటించి, గోడకు సరిగ్గా 3 మీటర్ల దూరంలో నిలబడి, ఫోన్ వంచకుండా ఫోటో తీయమనండి. టేపు మీద ఒక మీటరు ఎన్ని పిక్సెళ్లు పడిందో చూసి 3తో గుణిస్తే ఆ ఫోన్ అసలు సంఖ్య వస్తుంది. టేపు ఫోటో మధ్యలోనే పడాలి. అంచులకు పోతే సాగుతుంది. పెళ్లి గ్రూపు ఫోటోలో చివర నిలబడిన పిన్నిగారు లావుగా పడి అలిగేది ఇందుకే.

జూమ్ గురించి అడిగింది కూడా అందుకే. వేళ్లతో లాగి 2 రెట్లు చేస్తే 3000 కాస్తా 6000 అవుతుంది. ఆ సంగతి మరిచిపోతే చెట్టు దూరం సగానికి పడిపోతుంది.

మా పెద్ద లెన్సులకు నేను చంద్రుణ్ణి వాడతాను. వ్యాసం 3,474 కిలోమీటర్లు, సగటు దూరం 3,84,400. నా కెమెరా సెన్సారు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, 6000 పిక్సెళ్లు. 300 ఎంఎం లెన్సులో చంద్రుడు 690 పిక్సెళ్ల చిల్లర రావాలి. వస్తే లెన్సు మీద రాసింది నిజం. ఆ రోజు చంద్రుడి దూరం ఎంతో చూసుకోవాలి సుమా, నెలలోనే అటూ ఇటూ మారుతుంది. ఎంత పెద్ద లెన్సు కొన్నా కొలబద్దకు డబ్బు పెట్టక్కర్లేదు, ఆకాశంలోనే వేలాడుతోంది.

కొత్తఫోన్ | శనివారం, రాత్రి 9:02

మరి ఆ వైరల్ ఫోటోల్లో పాము? కర్రకు వేలాడదీసిన పాము, వెనక మనిషి. మనిషి కంటే రెండింతలు ఉంటుంది. దానికీ టాన్ వేయాలా?

లెక్కలటీచర్ | శనివారం, రాత్రి 9:30

దానికి టాన్ అక్కర్లేదు, కర్ర పొడవు చాలు. పాము కెమెరాకు మీటరు దూరంలో, మనిషి 3 మీటర్ల దూరంలో ఉంటే పాము మనిషి పక్కన మూడు రెట్లు పెద్దగా కనబడుతుంది. కర్ర పట్టుకున్న చేయి ఎప్పుడూ ముందుకే చాచి ఉంటుంది, గమనించండి. చేపలు పట్టేవాళ్లు కూడా చేపను కెమెరా వైపే చాపుతారు.

డంపీలెవెల్ | ఆదివారం, ఉదయం 6:50

పొద్దున్నే లేచి మీ లెక్క కాగితం మీద మళ్లీ వేశాను. సరిపోయింది. ఒక్క సంగతి మిగిలింది. చెట్టు నిటారుగా ఉందా?

తాటిచెట్టు నిటారుగా ఉండటం నేను తక్కువే చూశాను. ఫోటో తీసినవాడి వైపు 5 డిగ్రీలు వాలినా కొస మీటరున్నర దగ్గరకొస్తుంది. అప్పుడు ఫోటో లెక్కలో మీటరు ఎక్కువ వస్తుంది. అవతలికి వాలితే తక్కువ వస్తుంది. ఒక్క ఫోటోలో ఆ వాలు కనబడనే కనబడదు. పక్కకు వాలితేనే కంటికి ఆనుతుంది. కాబట్టి మొదటి ఫోటో తీసిన చోటుకు మూలమట్టం తిప్పినట్టు పక్క వైపు నుంచి ఇంకోటి తీయించండి.

ఈసారి ఫోన్ వంచనివ్వకండి. అబ్బాయి అన్నట్టు చెట్టంతా పడదనే భయం అక్కర్లేదు. ఇంకో అయిదు మీటర్లు వెనక్కి జరిగితే పడుతుంది. ఫోటోలో కింది సగం అంతా నేలే వస్తుంది, అందం ఉండదు, ఉండనీయండి. నిటారుగా పట్టుకుంటే మేడంగారి కోణాలేవీ అక్కర్లేదు, మీరు మొదట చేసిన రెట్ల లెక్కే సరిపోతుంది.

ఫోన్ నిటారుగా ఉందో లేదో తెలిసేది ఎలా అంటే, మీది సముద్రం పక్క ఊరు కాబట్టి ఒక మాట. విశాఖ ఆర్కే బీచిలో తీసిన ఏ ఫోటో అయినా చూడండి. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత ఫోటో నడిమధ్యలో ఉంటే కెమెరా సమంగా ఉన్నట్టు. ఇంకో చమత్కారం ఉంది. కెమెరాను 5 అడుగుల ఎత్తులో పట్టుకుంటే, అదే మట్టంలో ఇసుక మీద నిలబడిన ప్రతివాడినీ ఆ గీత 5 అడుగుల దగ్గరే కోస్తుంది. దగ్గరున్నా అంతే, యాభై మీటర్ల దూరంలో చిన్నగా కనబడినా దాదాపు అంతే. గీతకు పైన ఎంత తల ఉందో చూసి ఎత్తు చెప్పేయొచ్చు. దూరం తెలియనక్కర్లేదు, పిక్సెలు లెక్క అక్కర్లేదు. కొత్త కుర్రాళ్లకు నేను మొదటి రోజు ఇదే చూపించేవాణ్ణి, వాళ్లు నమ్మేవాళ్లు కాదు.

మనకున్న విద్య అంతా ఇంతే బాబూ. ఒక్క పొడవు చేత్తో కొలువు, మిగతాది కోణాలకు వదిలెయ్. 1802లో మన దేశాన్ని త్రిభుజాలతో కొలిచే పెద్ద సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ దొర మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీతను చెయినుతో కొలిచి, దాని మీద త్రిభుజాలు అల్లుకుంటూ పోయాడు. మీకు ఆ చెయిను మీ నాన్నగారు.

తాటితోపు | ఆదివారం, ఉదయం 11:45

చెయిను అన్నారని నాన్నగారికి చదివి వినిపించాను. నవ్వారు.

ముందు గోడ మీద టేపు. 3 మీటర్ల నుంచి ఒక మీటరు 1004 పిక్సెళ్లు వచ్చింది. అంటే 3012. మేడం 3000కు ఢోకా లేదు.

రెండో ఫోటో పంటకాలవ గట్టు మీద నుంచి, ఫోన్ నిటారుగా పట్టుకుని తీశాడు. నాన్నగారు 170, చెట్టు 1680. 1680ని 170తో భాగించి 1.68తో గుణిస్తే 16.6 మీటర్లు, 54 అడుగుల చిల్లర. మొదటిదానికంటే 40 సెంటీమీటర్లు తక్కువ. గట్టు ఎత్తుగా ఉంది, దానివల్ల తేడా వస్తుందా?

లెక్కలటీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

రాదు. ఫోన్ నిటారుగా ఉన్నంతకాలం గట్టెక్కినా, గోతిలో దిగినా రెట్లు మారవు. నాన్నగారు, చెట్టు ఒకే దూరంలో ఉంటే చాలు. ఆ 40 సెంటీమీటర్లు వాలు వల్ల కావచ్చు, నాన్నగారి నడినెత్తి దగ్గర మీరు ఒకట్రెండు పిక్సెళ్లు అటూ ఇటూ పెట్టడం వల్ల కూడా కావచ్చు. 170లో 2 పిక్సెళ్ల తేడా వస్తే చెట్టు దగ్గర 20 సెంటీమీటర్లు. ఆకు కొస గాలికి ఊగడం వేరే. 54 నుంచి 56 అని రాసుకోండి. దశాంశాలు వద్దు.

పక్కూరివాడు | ఆదివారం, సాయంత్రం 4:10

ఇంతమంది చదువుకున్నవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో వస్తున్నాను. ఆ చెట్టుకు కల్లు గీసే ఆయన లేడా? రోజూ ఎక్కి దిగేవాడికి తెలియని ఎత్తా. ముంత దింపే తాడు ఉంటుంది కదా, అదే కొలవండి.

తాటితోపు | సోమవారం, రాత్రి 9:15

పక్కూరివాడు గారూ, మీరు శనివారమే వచ్చి ఉంటే బాగుండేది!

ఈరోజు ఆయన్ని పిలిపించారు. పొడవు ఎంత అని అడిగితే పైకి కూడా చూడకుండా "తొమ్మిది బారల జానెడు" అన్నాడట (బార అంటే రెండు చేతులు చాపినంత). మోకు వేసుకుని ఎక్కి, మొవ్వు (మాను పైన ఆకులు పుట్టే చోటు) కింద నుంచి తాడు వదిలాడు, కొసకు చిన్న రాయి కట్టి. రాయి నేలకు తగిలినచోట పైన ముడి వేసుకుని దిగాడు. తాడును అరుగు మీద పరిచి నాన్నగారు టేపు పెట్టారు. 50 అడుగుల 2 అంగుళాలు. మొవ్వు పైన నిలబడిన ఆకు ఎంత ఉంటుందంటే, తన మెడ దాకా అన్నాడట. అంటే దాదాపు 5 అడుగులు. మొత్తం 55.

చెట్టు వంటింటి వైపే పడిందనుకుందాం. మాను గోడకు రెండడుగుల ఇవతల ఆగుతుంది. మట్టలూ ఆకులూ రేకుల మీద పడతాయి. అమ్మ "నే చెప్పలా" అంటోంది, బాబాయ్ కూడా "నే చెప్పలా" అంటున్నాడు. కొట్టేయడానికి ఎవరికీ మనసు లేదు. ఎండు మట్టలు, కాయల గెలలు తుఫానుకు ముందే దింపేస్తానని గీసే ఆయన మాట ఇచ్చాడు. రేకుల మీద బరువు తగ్గుతుంది.

అందరికీ ధన్యవాదాలు. చర్చ ముగించొచ్చు అనుకుంటున్నా.

డంపీలెవెల్ | సోమవారం, రాత్రి 9:40

ముగించే ముందు ఒక్కటి. తాడు కొబ్బరి పీచుదా, నైలానుదా? రాయి కట్టి వేలాడదీసినప్పుడు సాగుతుంది, అరుగు మీద పరిస్తే ముడుచుకుంటుంది. అంటే 50 అడుగుల 2 అంగుళాల కంటే మాను పొడుగే ఉంటుంది కానీ తక్కువ ఉండదు. మీకు మిగిలిన వెసులుబాటు రెండడుగులే.

తాటితోపు | సోమవారం, రాత్రి 10:02

నైలానుదే సార్. ఫోన్లో చెప్పాను. నాన్నగారు టార్చి తీసుకుని అరుగు మీదికి వెళ్లారు, మేనల్లుణ్ణి ఒక కొసన గట్టిగా లాగి పట్టుకోమంటున్నారు.